గ్రామీణ హిస్పానిక్ మాజీ సైనికుల్లో ఆత్మహత్యల నివారణ

అమెరికా పల్లెల్లో, ముఖ్యంగా టెక్సస్, న్యూ మెక్సికో, కొలరాడో వంటి రాష్ట్రాల్లో నివసించే హిస్పానిక్ మాజీ సైనికులను ఆత్మహత్య ప్రమాదం నుంచి కాపాడే వైద్య, సామాజిక కృషి ఇది. మాజీ సైనికుల్లో ఆత్మహత్యల రేటు నగరాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. ఆసుపత్రుల దూరం, మానసిక వైద్యుల కొరత, ఇంట్లో తుపాకీ ఉండటం ఇందుకు ప్రధాన కారణాలు. మగవాడు బాధ బయటపెట్టకూడదన్న పట్టింపు వీటికి తోడవుతుంది. సైన్యం నేర్పేదీ దాదాపు అదే. మరోవైపు కుటుంబ బంధం, చర్చితో అనుబంధం గట్టి అండ. మాజీ సైనికుడికి ఇంగ్లిష్ వచ్చినా, అతనిలో మార్పును ముందుగా పసిగట్టే తల్లికో తాతకో స్పానిష్ మాత్రమే వచ్చి ఉండవచ్చు. అందువల్ల కరపత్రాలను అనువదిస్తే చాలదు, ఇంటివాళ్లకు వారి భాషలోనే అవగాహన కల్పించాలి.

2007లో మొదలైన మాజీ సైనికుల సహాయవాణిని అందుకోవడానికి 2022 నుంచి 988కి ఫోన్ చేసి 1 నొక్కితే చాలు. 2023 జనవరి నుంచి, ఆత్మహత్య ముప్పులో ఉన్న అర్హులైన మాజీ సైనికులకు 30 రోజుల వరకు ఆసుపత్రిలో, 90 రోజుల వరకు బయటి రోగిగా ఉచిత అత్యవసర చికిత్స లభిస్తోంది. ఆత్మహత్యకు పురిగొల్పే తీవ్ర ఆవేశం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది; కాబట్టి తుపాకీకి తాళం వేయడం, కొన్నాళ్లు నమ్మకస్థుడి దగ్గర ఉంచడం ప్రాణాలు నిలుపుతాయి.