ఆగిన పనిని నమోదు చేసేదెవరు? ఆటోమేటిక్ టికెట్ల చరిత్ర

లక్ష్యాలు
ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:
• కంప్యూటర్ పనుల వైఫల్యాన్ని నమోదు చేసే బాధ్యత మనిషి నుంచి యంత్రానికి మారిన క్రమం
• ఉపాధి హామీ వేతనాల విషయంలో ఈ పద్ధతికి ఎదురైన పరిమితి

1. ప్రస్తావన
బ్యాంకు వడ్డీ లెక్క, జీతాల జమ వంటి పనులను నిర్ణీత సమయానికి కంప్యూటర్ తనంతట తానే చేస్తుంది. వీటిని షెడ్యూల్డ్ జాబ్‌లు అంటారు. కౌంటర్ దగ్గర పని ఆగితే ఎదురుగా నిలబడ్డ మనిషి అడుగుతాడు. అర్ధరాత్రి నడిచే పని ఆగితే అడిగేవారుండరు. ఈ లోటును పూరించేదే ఆటోమేటిక్ టికెట్. పని విఫలమైన వెంటనే కంప్యూటరే ఫిర్యాదు నమోదు చేసి, దానికి సంఖ్య, సమయం, బాధ్యుల వివరం జతచేస్తుంది. సమస్య తీరినట్లు ఎవరైనా నమోదు చేసేవరకు అది పెండింగ్‌లోనే ఉంటుంది.

2. ఆపరేటర్ నుంచి ఈమెయిల్ వరకు
ఐబీఎం సంస్థ 1964లో సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటిలో పని మధ్యలో ఆగిపోతే ‘ఆబెండ్’ అనే సంకేతం వెలువడేది. దాన్ని గమనించి, సంబంధిత ప్రోగ్రామర్‌కు తెలియజేయడం ఆపరేటర్ బాధ్యత. యూనిక్స్ వ్యవస్థల్లో వేళకు పనులను నడిపే ప్రోగ్రామ్ పేరు క్రాన్. 1987లో పాల్ విక్సీ రూపొందించిన క్రాన్, పని వెలువరించిన సందేశాలను ఈమెయిల్‌గా పంపేది. కబురు చేరేది. అయితే దాన్ని ఎవరు పట్టించుకున్నారో, లోపం సరిదిద్దారో లేదో ఆ ఈమెయిల్ వల్ల తెలిసేది కాదు.

3. టికెట్ పద్ధతి
1992 జనవరిలో అమెరికాలోని మెరిట్ నెట్‌వర్క్‌కు చెందిన డేల్ జాన్సన్, నెట్‌వర్క్ కేంద్రాలకు కావలసిన టికెట్ వ్యవస్థ గురించి ఆర్‌ఎఫ్‌సీ 1297 అనే పత్రం రాశారు. అందులో టికెట్‌ను ఆసుపత్రిలో రోగి కేస్ షీటుతో పోల్చారు. డ్యూటీ డాక్టర్ మారినా కేస్ షీటు చూసి వైద్యం కొనసాగినట్లే, షిఫ్టు మారినా టికెట్ చూసి మరమ్మతు కొనసాగుతుంది.

నేటి పద్ధతి సులభమైనదే. పని ముగిసేటప్పుడు ఒక అంకెను ఇస్తుంది. సాధారణంగా సున్నా అయితే విజయం, మరే అంకె అయినా వైఫల్యం. వైఫల్యం కనబడగానే షెడ్యూలర్ టికెట్ వ్యవస్థకు సమాచారం పంపుతుంది. అదే పనికి అప్పటికే టికెట్ ఉంటే కొత్తది తెరవకుండా పాతదానికే చేర్చాలి. లేకపోతే వందల టికెట్ల మధ్య అసలు సమస్య మరుగున పడుతుంది.

4. వేతనాల ఆలస్యం: ఒక ఉదాహరణ
గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. తొలి విడత 200 జిల్లాల్లో వరంగల్ ఒకటి. కొడకండ్ల అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది.

చట్టం ప్రకారం 15 రోజుల్లోగా కూలి చెల్లించాల్సి ఉండేది. 2014 నాటి నిబంధనల ప్రకారం గడువు దాటిన తరువాత రోజుకు 0.05 శాతం పరిహారం రావాల్సి ఉండేది. అంటే 1,000 రూపాయల కూలికి రోజుకు 50 పైసలు. కూలీ దరఖాస్తు పెట్టకపోయినా ఆలస్యాన్ని కంప్యూటరే లెక్కగట్టాల్సి ఉండేది. పేరు టికెట్ కాకపోయినా సూత్రం అదే.

అయితే జాతీయ సాఫ్ట్‌వేర్ చెల్లింపు ఆదేశంపై సంతకం పడేవరకు జరిగిన ఆలస్యాన్నే లెక్కించింది. ఆ తరువాత కేంద్రం నుంచి డబ్బు కూలీ ఖాతాకు చేరడంలో జరిగిన ఆలస్యం నమోదు కాలేదు. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న సుప్రీంకోర్టు ఈ రెండో దశ ఆలస్యానికీ కేంద్రం బాధ్యత వహించాలని స్పష్టం చేసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీకి 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. తనిఖీలో కూలీలను కలిసి, రికార్డులను వారి మాటతో సరిపోల్చి, తేడాలను మండల స్థాయి ప్రజావేదికలో వినిపిస్తారు. కంప్యూటర్ నమోదు చేయని లోపం ఇక్కడ మనిషి నోట నమోదవుతుంది.

5. సారాంశం
ఆటోమేటిక్ టికెట్ వల్ల ఫిర్యాదు చేసే భారం నష్టపోయినవారిపై నుంచి తొలగింది. కాని దేన్ని వైఫల్యంగా లెక్కించాలో ముందుగా నిర్ణయించేది మనుషులే. ఆ నిర్ణయంలో చోటు దొరకని ఆలస్యానికి టికెట్ పుట్టదు.

మాదిరి ప్రశ్నలు
1. ఈమెయిల్ సమాచారానికీ టికెట్‌కూ గల తేడాను వివరించండి.
2. వేతనాల రెండో దశ ఆలస్యం కంప్యూటర్ లెక్కలోకి ఎందుకు రాలేదో చర్చించండి.