గర్భసంచిని మోసేదెవరు?

గర్భసంచి జారిన స్త్రీని నిచ్చెనకు తలకిందులుగా కట్టి కుదపమన్నాయి ప్రాచీన గ్రీకు వైద్యగ్రంథాలు. సగం దానిమ్మకాయను లోపల బిరడాలా పెట్టడం మరో చికిత్స. వినడానికి భయంకరమే గానీ లెక్క సూటిగానే ఉంది: కిందికి జారినదాన్ని పైకి నెట్టాలి. అంతకాలం దాన్ని పైన నిలబెట్టిందేమిటన్న ప్రశ్నకు మాత్రం జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ జవాబు తోక దగ్గర మొదలవుతుంది. కుక్కలోనూ కోతిలోనూ కటి లోపలి కండరాలకు తోక ఆడించడం ముఖ్యమైన పని. నాలుగు కాళ్ల జంతువు పొట్టలోని బరువును పొట్టగోడ మోస్తుంది. మనిషి నిటారుగా నిలిచాక ఆ బరువు కటి అడుగుకు దిగింది. తోక పోయినా కండరాలు మిగిలాయి. ముందువైపు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా పరుచుకుని మూత్రాశయానికి, గర్భసంచికి, పెద్దపేగు చివరకు ఆధారమయ్యాయి. నిద్రలోనూ ఇవి పూర్తిగా సడలవు. దగ్గితే, తుమ్మితే ఇంకా బిగుస్తాయి.

మరి గర్భసంచిని పట్టి ఉంచే కణజాల పట్టీలైన లిగమెంట్ల మాటేమిటి? 1895లో బెర్లిన్ వైద్యుడు మాకెన్‌రోట్ గర్భసంచి మెడకు ఇరుపక్కలా ఉన్న లిగమెంట్లను వర్ణించి, అసలు ఆధారం అవేనన్నాడు. 1907లో వియన్నాకు చెందిన హాల్బాన్, టాండ్లర్‌లు మాత్రం అసలు ఆధారం కండరాలేనని వాదించారు. మాంచెస్టర్ వైద్యుడు ఫాదర్‌గిల్ లిగమెంట్ల పక్షం పట్టాడు. వాదన దశాబ్దాలు నడిచింది. నిజానికి రేవులో కట్టిన ఓడను చూస్తే చాలు: బరువు మోసేది నీరు, కదలకుండా పట్టేవి తాళ్లు. నీరు తగ్గితే బరువంతా తాళ్ల మీద పడి అవి సాగిపోతాయి. కండరం బలహీనపడితే లిగమెంటుకు పట్టే గతీ అదే.

కండరానికి వ్యాయామంతో బలం తేవచ్చని లాస్ ఏంజెలెస్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో రాశాడు. కాన్పు తర్వాత మూత్రం ఆపుకోలేని స్త్రీల కోసం ఒత్తిడిని కొలిచే చిన్న పరికరం కూడా చేశాడు. కండరం బిగిస్తే ముల్లు కదిలేది. బిగిసిందో లేదో కళ్లెదుటే కనిపించేది. ఇప్పుడు కీగెల్ పేరు వ్యాయామానికి మిగిలింది, పరికరాన్ని చాలామంది మరిచారు.

బొంబాయి వైద్యుడు శిరోద్కర్ తాళ్ల వైపు నుంచి, అంటే లిగమెంట్ల వైపు నుంచి వచ్చాడు. గర్భసంచి తీసేస్తే పిల్లలు పుట్టే దారే మూసుకుపోతుంది కాబట్టి, దాన్ని ఉంచి పట్టీతో వెన్నెముక అడుగుకు కట్టే శస్త్రచికిత్స రూపొందించాడు.

కండరం ఎక్కడ, ఎప్పుడు దెబ్బతింటుందో చూపింది ఎమ్మారై. 2003లో మిచిగన్ వైద్యుడు డిలాన్సీ బృందం, సహజ కాన్పుతో తొలిబిడ్డను కన్న 160 మందిని పరీక్షిస్తే 32 మందిలో ఆ కండరానికి గాయం కనిపించింది. కాన్పు కాని 80 మందిలో ఒక్కరికీ లేదు.