పుల్లరి, కత్తి, చందా పుస్తకం

చందా పుస్తకం చేత పట్టుకుని ఎవరైనా గేటు తీశారంటే చాలు, మా ఇంట్లో వాళ్ళందరికీ ఎక్కడలేని పనులూ గుర్తుకొస్తాయి. వినాయక చవితికీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, గుడి గోపురానికి రంగులకీ ఇచ్చీ ఇచ్చీ ఆరితేరినవాళ్ళం. అయితే పోయిన సంక్రాంతికి మైపాడు దగ్గరున్న మా పుట్టింట్లో నా ముందు ఆ పుస్తకం తెరిచింది పరాయివాళ్ళు కాదు, సాక్షాత్తూ మా అన్నయ్య కూతురే.

“అత్తా, నీ పేరుమీద ఎంత రాసుకోమంటావు?”

“దేనికే?”

“మా యూనివర్సిటీలో పిల్లలమే కలిసి ఫెన్సింగ్ క్లబ్బు పెట్టుకున్నాం. మాస్కులు కొనాలి.”

ఫెన్సింగ్ అనగానే నాకు తోట చుట్టూ వేసే ముళ్ళకంచె, మాస్కులనగానే కరోనా రోజులు మనసులో మెదిలాయి. ఈ రెంటికీ పొత్తు కుదరక తెల్లమొహం వేశాను. “కత్తులతో ఆడే ఆట అత్తా!” అని అది నవ్వేసరికి, అరిసెలు వత్తుతున్న మా అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది.

“ఏందే, ఆడపిల్లవి, కత్తులతో ఆటలేందే? ఎవురి మీదకి పోతుండావు యుద్ధానికి?”

“నెల్లూరికి కత్తి కొత్తా నానమ్మా?” అంది అది.

ఆ మాట మాత్రం నన్ను పట్టుకుంది. నిజమే మరి! నెల్లూరంటే మనకు తిక్కన గుర్తొస్తాడు, భారతం గుర్తొస్తుంది. కానీ ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఇద్దరు తిక్కనలుండేవారు. ఒకరు గంటం పట్టిన తిక్కన సోమయాజి, రెండోవారు కత్తి పట్టిన ఖడ్గ తిక్కన. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. కవి తిక్కన తండ్రి కొమ్మన, ఖడ్గ తిక్కన తండ్రి సిద్ధన. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి రాజ్యంలో ఒకరు మాటతోనూ ఒకరు కత్తితోనూ కొలువు చేశారు.

ఖడ్గ తిక్కన కథ మన కాటమరాజు కథల్లో వస్తుంది. కరువొచ్చి, పశువులకు మేత కరువై, కాటమరాజు తన మందల్ని నెల్లూరి బీళ్ళకు తోలుకొచ్చాడు. గడ్డి మేసినందుకు రాజుకు పుల్లరి కట్టాలని ఒప్పందం. తర్వాత మాటా మాటా వచ్చింది. మీవాళ్ళు మా పశువుల్ని బాధించారని వాళ్ళు, పుల్లరి ఎగ్గొట్టారని వీళ్ళు. చివరికి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర కత్తులు దూశారు. చూశారా, అంత పెద్ద యుద్ధానికీ మూలం గడ్డి మీద పన్నే!

మొదటిసారి ఖడ్గ తిక్కన ఓడి ఇంటికొచ్చాడట. స్నానానికి వెళితే, ఆడవాళ్ళకు కట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచింది భార్య చానమ్మ. అన్నానికి కూర్చుంటే విరిగిన పాలు పోసింది తల్లి ప్రోలమ్మ. కొడుకూ విరిగొచ్చాడు, పాలూ విరిగాయన్నదట. ఆ మాట పడలేక తిక్కన మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణం వదిలాడు. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. ఇప్పుడు, పిల్లల్ని కన్న తల్లిగా, ఆ విరిగిన పాల గిన్నె తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. వెనక్కి తిరిగొచ్చిన కొడుకు చేతికి ఒక్క పూట మంచి పాలు పోస్తే ఏం పోయింది?

సరే, కథలోంచి చందా పుస్తకంలోకి వద్దాం. మా మేనకోడలు చెప్పిన ఫెన్సింగ్‌లో ప్రాణాలు తీసుకోవడాలు లేవు. 14 మీటర్ల పొడవున్న సన్నటి బాట మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. కత్తులు మూడు రకాలు. ఫాయిల్‌తో మొండెం మీదే తాకాలి. ఎపీతో అరికాలి నుంచి నడినెత్తి దాకా ఎక్కడైనా తాకవచ్చు. సేబర్‌తో నడుము పైభాగమంతా, పొడవడమే కాదు, నరికినట్టు తాకించినా లెక్కే. కత్తికి తీగె తగిలించి ఉంటుంది. తాకగానే దీపం వెలుగుతుంది. ఫాయిల్ బరువు అరకిలో లోపే, మా అమ్మ అప్పడాల కర్ర అంతకంటే బరువుంటుందేమో!

1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఈ ఆట ఉంది. ఆడవాళ్ళను రానిచ్చింది మాత్రం 1924లో, అదీ ఒక్క ఫాయిల్‌కే. సేబర్ మన చేతికి రావడానికి 2004 దాకా ఆగాల్సివచ్చింది.

“ఆటే కదా, ఆ మాస్కులేవో చవకవి కొనుక్కోరాదూ?” అన్నాను, గృహిణి బుద్ధి ఎక్కడికి పోతుంది? అప్పుడది నవ్వడం మానేసి స్మిర్నోవ్ సంగతి చెప్పింది. వ్లదీమిర్ స్మిర్నోవ్ 1980 మాస్కో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన సోవియట్ ఆటగాడు. 1982లో రోమ్‌లో ప్రపంచ పోటీలు. ఎదుటి ఆటగాడి కత్తి ఆట మధ్యలో విరిగింది. ఆ విరిగిన ముక్క మాస్కు జల్లెడలోంచి దూసుకుపోయి కంటిగుండా మెదడుకు తగిలింది. కొద్దిరోజులకు ఆయన చనిపోయాడు. తప్పు ఎవరిదీ కాదు. ఆ తర్వాతే మాస్కులకూ, చొక్కాలకూ, కత్తుల ఉక్కుకూ నియమాలు గట్టిపడ్డాయి.

“కత్తులు విరుగుతూనే ఉంటాయత్తా. అందుకే మాస్కు దగ్గర బేరమాడకూడదు. పద్నాలుగు మందిమి, నాలుగు మాస్కులు. ఇద్దరిద్దరు చొప్పున నలుగురు ఆడుతుంటే పదిమంది కూర్చుని చూస్తుంటాం.”

మొదట్లో ఖర్చు తలా ఇంత అని సమానంగా పంచుకున్నారట. పట్టపుపాలెం నుంచి వచ్చే కుర్రాడొకడున్నాడట. ఇసకలో పరుగెత్తి పెరిగిన కాళ్ళు, వాడంత చురుగ్గా ముందుకు దూకేవాళ్ళు లేరట. వేట లేని నెలల్లో వాటా కట్టలేక, చదువు ఎక్కువైందని సాకు చెప్పి రావడం మానేశాడు. “వాడికి మేమే పుల్లరి వేశామనిపించిందత్తా. అందుకే వాటాలు ఎత్తేసి ఈ పుస్తకం మొదలెట్టాం” అంది.

నేనేం మాట్లాడగలను? భవానీదేవి గుర్తొచ్చింది. టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళి, 2021లో మన దేశం తరఫున మొట్టమొదట ఫెన్సింగ్ ఆడిన అమ్మాయి. పెరిగింది చెన్నైలోనే అయినా, తండ్రి మన సామర్లకోట వైపు నుంచి వెళ్ళిన అర్చకుడు. కత్తులు ఖరీదని వెదురు కర్రలతో సాధన చేసింది. పోటీలకు పంపడానికి తల్లి నగలు తాకట్టు పెట్టింది. మొదటి పోటీలో 15-3తో గెలిచి, రెండోదాంట్లో ఓడిపోయి, గెలవలేకపోయానని దేశానికి క్షమాపణ చెప్పుకుంది. ఆ రోజు ఆమెకు ఎవరూ విరిగిన పాలు పొయ్యలేదు, అందరూ గుండెకు హత్తుకున్నారు. 2023లో ఆసియా పోటీల్లో కాంస్యం తెచ్చింది.

అయినా అడగడం నెల్లూరివాళ్ళకు నామోషీ కాదు సుమండీ. 1921లో పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీగారు ఆశ్రమం ప్రారంభించారంటే, దానికి పొణకా కనకమ్మగారు ఇచ్చిన భూమి ఉంది. ఆమే 1923లో నెల్లూరులో ఆడపిల్లలకు కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. తనకున్నది ఇచ్చింది, చాలనిది పదిమందినీ అడిగింది. ఇక రొట్టెల పండుగ సరేసరి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో నిలబడి ఒకరి చేతి రొట్టె ఒకరు తీసుకుంటారు. చదువు రొట్టె పుచ్చుకున్నవాడు కోరిక తీరాక వచ్చి మరొకరికి చదువు రొట్టె ఇవ్వాలి. ఆ ఒడ్డునే ఉన్నది బారా షహీద్ దర్గా, యుద్ధంలో తలలు తెగిన పన్నెండుగురు వీరుల సమాధులంటారు. కత్తికి బలైన వాళ్ళ పాదాల దగ్గర జనం రొట్టెలు పంచుకుంటున్నారు!

“మరి మీ చదువులైపోయాక ఈ మాస్కులేం చేస్తారే?” అనడిగాను.

“క్లబ్బులోనే ఉంటాయి. వెనక వచ్చేవాళ్ళవి.”

అయితే ఇదీ రొట్టే. నా పేరుమీద అంకె రాశాను. ఎంతో చెప్పను, మావారు ఈ పత్రిక చదువుతారు.

రాస్తూ చూద్దును కదా, మా అమ్మ పోపులపెట్టె తెరిచి, మెంతుల గిన్నె కింద మడిచిపెట్టిన నోట్లు తీస్తోంది.

“ఇందా, నా పేరు రాయబళ్ళేదు గానీ, ఆ పట్టపుపాలెం పిలగాడుండాడే, వాణ్ణి మళ్ళా రమ్మను. ఆడేముందు ఇంత పాలు తాగిపొమ్మను.”

“పాలా నానమ్మా?”

“ఊ. మంచి పాలే.”