పొలం గీత కంప్యూటర్‌లోకి ఎక్కిన తీరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకదానికొకటి దగ్గరి ఊళ్లే అయినా వాటి పొలం పటాల వయసు ఒకటి కాదు. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాల్లో మదనపల్లె ఒక భాగం. చాలాకాలం అది కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడడంతో ఇవి ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. అధికారి ఒక్కడైనా భూమి లెక్కలు ఒక్కటి కాలేదు. ఈ ఊళ్ల పటాలను ఈనాడు కంప్యూటర్‌లో ఒకచోట చేర్చడానికి కూర్చునేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఆ పాత తేడాల నుంచి పుట్టినవే.

దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతు నేరుగా ప్రభుత్వానికి చెల్లించే రైతువారీ శిస్తు కట్టడానికి పొలాలన్నిటినీ కొలిపించాడు. అందుకు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు నాలుగు పక్కలా పరిస్తే వచ్చే చదరం ఒక కుంట. నలభై కుంటలు ఒక ఎకరం. అయితే మన్రో కొలతలు పద్దుల్లోనే మిగిలాయి, ప్రతి పొలానికీ పటం గీయలేదు. విస్తీర్ణం, పట్టాదారు, తీర్వ తెలిస్తే శిస్తు వసూలుకు సరిపోయింది. పొలం ఎంత ఉందో పద్దు చెప్పగలిగేది కానీ గట్టు ఎక్కడ వంగిందో చెప్పలేకపోయేది.

ఆ లోటు తీర్చే పని 1858లో మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ సర్వే శాఖను నెలకొల్పినప్పటి నుంచి మొదలైంది. ముందు థియోడలైట్‌తో గ్రామ పొలిమేర చుట్టూ కోణాలూ దూరాలూ తీసేవారు. పొలిమేరలు కలిసే చోట్ల రాళ్లు పాతేవారు. మూడు గ్రామాల హద్దులు కలిసేచోట పాతిన ట్రైజంక్షన్ రాయికి తక్కిన రాళ్లకంటే విలువ ఎక్కువ. ఆ చట్రం లోపల ఒక్కో సర్వే నంబరును గొలుసుతో కొలిచి, ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ చొప్పున గీసిన పుస్తకమే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. సర్వేయర్లు, వీఆర్వోలు, రైతులు అందరూ దాన్ని ఎఫ్ఎంబీ అనే పిలుస్తారు.

ఎఫ్ఎంబీలో అసలు సరుకు గీత కాదు, దాని పక్కన రాసిన అంకె. పొలంలో ఒక మూల రాయి నుంచి ఎదుటి మూల రాయికి అడ్డంగా గొలుసు పరుస్తారు. దాన్ని జి లైన్ అంటారు. ఆ గీత మీద ఎంత దూరం నడిచాక కుడికో ఎడమకో లంబంగా ఎంత దూరంలో గట్టు వంపు తగిలిందో రాసుకుంటారు, ఇది ఆఫ్‌సెట్. ఇక్కడ వాడింది 66 అడుగుల గంటర్ గొలుసు, అందులో వంద లింకులు. ఒక పొలంలో జి లైన్ 500 లింకులనుకుందాం. ఎడమవైపు మూలకు ఆఫ్‌సెట్ 200 లింకులు, కుడివైపు మూలకూ అంతే. రెండు త్రిభుజాలూ చెరొక 50 వేల చదరపు లింకులు, మొత్తం లక్ష. లక్ష చదరపు లింకులంటే సరిగ్గా ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులంటే ఒక సెంటు. భిన్నాలతో పని లేకుండా విస్తీర్ణం తేలే ఈ పద్ధతిని కట్టినవారి లెక్క చాలా గట్టిది. కాగితం చిరిగినా, సిరా వెలిసినా ఆ అంకెలు మిగిలితే చాలు, పొలాన్ని మళ్లీ గీయవచ్చు.

జమీందారీ గ్రామాలకు ఈ సౌకర్యం ఆలస్యంగా దక్కింది. అక్కడ శిస్తు జమీందారుకు చేరేది కాబట్టి రైతువారీ గ్రామాల్లో లాగా నంబరు నంబరుకూ సర్వే చేయించి, శిస్తు ఖరారు చేసే సెటిల్‌మెంట్ జరపాల్సిన అవసరం ప్రభుత్వానికి రాలేదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు రైతువారీ కిందికి మారాకే అలాంటి గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంట్ ఊపందుకున్నాయి. అందుకే పాత రైతువారీ గ్రామంలో మూల రికార్డు ఏదంటే ఆర్ఎస్ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అంటారు. ఎస్టేటు గ్రామంలో అదే ప్రశ్నకు జవాబు ఎస్ఎఫ్ఏ, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. మదనపల్లె వైపు నుంచి పుంగనూరు వైపు వెళ్లే పత్రాల లేఖరి ముందు తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఎఫ్ఎంబీ పేజీలన్నిటినీ కుదించి ఒక చోట కూర్చితే గ్రామ పటం అవుతుంది. మద్రాసు రాష్ట్రంలో దాన్ని ఎక్కువగా మైలుకు 16 అంగుళాల స్కేలులో గీశారు. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. ట్రేసింగ్ క్లాత్ మీద నకలు తీసి అచ్చుకు పంపేవారు. ఊళ్లో ఆ పటాన్ని, సాగు వివరాలు రాసే అడంగల్‌ను కాపాడింది కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. దానితో కరణం బుర్రలో మాత్రమే ఉన్న ఎన్నో వివరాలు, ఏ గట్టు జరిగింది, ఏ రాయి మట్టిలో కూరుకుపోయింది అన్నవి, ఆ ఉద్యోగంతోపాటే పోయాయి. ఆ నష్టాన్ని ఏ స్కానరూ పూడ్చలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గీత గీసే కంప్యూటర్లు వచ్చాయి. ఆటోడెస్క్ సంస్థ 1982 డిసెంబరులో ఆటోక్యాడ్‌ను విడుదల చేసింది. ఒక ప్రోగ్రాములో గీసిన గీతను మరో ప్రోగ్రాము చదువుకునేందుకు అదే సంస్థ డీఎక్స్ఎఫ్ ఫైలు రూపాన్ని తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో పటాల కోసం షేప్‌ఫైలు వాడుకలోకి వచ్చింది. కాగితం మీది పటాన్ని లోపలికి తెచ్చే తొలి దారి డిజిటైజర్ బల్ల: పటాన్ని దాని మీద పరిచి, గీత వెంబడి మీట నొక్కుతూ పోవాలి. తర్వాతి దారి స్కానింగ్: బొమ్మను తెర మీద పరిచి, గీతల మీద గీతలు దిద్దాలి.

రెండు దారుల్లోనూ పొరపాటు కాగితం నుంచే మొదలవుతుంది. అర మిల్లీమీటరు మందం గల సిరా గీత నేల మీద రెండు మీటర్ల వెడల్పు. ఆ గీతకు ఏ అంచున మౌస్ నొక్కారన్న దాన్ని బట్టి గట్టు అటో ఇటో పోతుంది. తేమకు సాగిన కాగితం, స్కానర్‌లో కాస్త ఏటవాలుగా పడిన పుట మరికొంత కలుపుతాయి. మరో ప్రమాదం కొలమానంలో ఉంది. పైన చెప్పిన ఎకరం పొలం అంకెలను లింకులని గుర్తించకుండా మీటర్లుగా నింపితే గీత ఆకారం అచ్చుగుద్దినట్టే ఉంటుంది, విస్తీర్ణం మాత్రం 24 ఎకరాల 71 సెంట్లు చూపిస్తుంది. ఒక లింకు 0.201168 మీటరు. ఈ ఒక్క అంకెతో గుణించడం మరిచిన ఫైలు చూపుకు ఎంత చక్కగా ఉన్నా పనికిరాదు.

నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసిన కొలాబ్‌ల్యాండ్ ఈ బెడదకు సరైన మందు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండూ పాత మద్రాసు సర్వే వారసత్వం ఉన్నవే కాబట్టి రెండుచోట్లా అది కుదిరింది. అందులో ఎఫ్ఎంబీ బొమ్మను దిద్దరు. జి లైన్ పొడవు, దాని వెంబడి దూరాలు, కుడి ఎడమల ఆఫ్‌సెట్లు నిచ్చెన మెట్లలా వరుసగా టైపు చేస్తారు. ఆ పట్టీని ల్యాడర్ అంటారు. పొలాన్ని ఆ అంకెల నుంచి కంప్యూటరే గీస్తుంది. అలా వచ్చిన గీత సర్వేయర్ గొలుసు ఎంత నిక్కచ్చిగా ఉందో అంత నిక్కచ్చిగా ఉంటుంది. విస్తీర్ణాన్ని రిజిస్టరుతో పోల్చినప్పుడు తేడా వస్తే టైపింగులో తప్పో, పాత కొలతలో తప్పో అక్కడే బయటపడుతుంది. బొమ్మను దిద్దే దారి కంటే ఈ దారి శ్రమే, కానీ రైతు భూమి విషయంలో నమ్మదగింది ఇదొక్కటే.

ఒక్కో పొలం సరిగ్గా వచ్చినంత మాత్రాన గ్రామం కుదరదు. పక్కపక్క నంబర్ల ఉమ్మడి గట్టును రెండు పేజీల్లో రెండు కొలతలతో రాసి ఉండవచ్చు. కలిపి చూస్తే ఒకచోట సందు, ఒకచోట ఒకదాని మీద ఒకటి ఎక్కడం కనిపిస్తుంది. ఎఫ్ఎంబీ తనంతట తాను భూగోళం మీద ఎక్కడుందో చెప్పదు. ట్రైజంక్షన్ రాయి దగ్గరికి వెళ్లి జీపీఎస్‌తో అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, ఆ రాళ్లకు పటాన్ని కట్టాలి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాకారం మీద లెక్కించినవి. జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 మీద. ఒకదాని లెక్కను రెండోదానికి మార్చకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే గీతలు వంద మీటర్లకు పైగా జరుగుతాయి.

కుప్పంలో మరో మెలిక కూడా ఉంది. అక్కడ మూడు రాష్ట్రాలు కలుస్తాయి. తమిళనాడు వైపు పటాలు అదే ఎఫ్ఎంబీ పద్ధతివి. కర్ణాటక వైపు మైసూరు సర్వే బొంబాయి పద్ధతిలో నడిచింది. అక్కడిది 33 అడుగుల గొలుసు, దాన్ని పదహారు అణాలుగా విభజించారు. పొలం కొలతల పుస్తకాన్ని టిప్పణి అంటారు. పైగా పటాల లెక్క కోసం భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం జోన్ల హద్దు 78 డిగ్రీల రేఖాంశం కుప్పానికి పడమట నలభై కిలోమీటర్లలోపే ఉంది. ఈ మూడు ఊళ్లూ 44వ జోన్‌లోవి, బెంగళూరు 43వ జోన్‌లోది. బెంగళూరులో ఆ జోన్ లెక్కల్లో గీసిన రోడ్డు డ్రాయింగును జోన్ మార్చకుండా ఇక్కడి పటంలోకి దింపితే వందల కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అంత పెద్ద తప్పు కంటికి వెంటనే తెలుస్తుంది కాబట్టి దానివల్ల హాని తక్కువ. రెండు మూడు మీటర్ల తప్పులే కోర్టుల దాకా పోతాయి.

హంద్రీ నీవా సాగునీటి పథకంలో పుంగనూరు బ్రాంచి కాలువ, దాని నుంచి విడివడే కుప్పం బ్రాంచి కాలువ వంటి పనుల్లో ఇంజినీర్లు గీసిన అలైన్‌మెంటు, రెవెన్యూ వారి ఎఫ్ఎంబీ ఒకే తెర మీదికి రావాలి. కాలువ ఏ సబ్‌డివిజన్‌లో ఎన్ని సెంట్లు మింగుతుందన్నది ఆ రెండు గీతలు కోసుకున్న చోటే తేలుతుంది. పరిహారం లెక్క దాని మీదే ఆధారపడి ఉంటుంది.

2020 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో సమగ్ర రీసర్వే మొదలుపెట్టింది. డ్రోన్ చిత్రాలు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే కార్స్ స్టేషన్లు, రోవర్లతో గట్లను నేరుగా అక్షాంశ రేఖాంశాలతోనే తీసుకుని, సర్వే నంబరు పేజీకి బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాపులు ఇస్తున్నారు. డ్రోన్ చూపించేది ఈనాటి గట్టు, ఎఫ్ఎంబీ చూపించేది కొలిచిననాటి హద్దు. రెండూ కలవని చోట సర్వేయరు పాత ల్యాడర్ అంకెలు, పాతిన రాళ్లు, ఆర్ఎస్ఆర్ లేదా ఎస్ఎఫ్ఏ విస్తీర్ణం ముందు పెట్టుకునే తేల్చాలి. అయితే ఆ పాత కాగితాలు ఎప్పుడూ భద్రం కాదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూమి ఫైళ్లు కాలిపోయాయి. ఆర్ఎస్ఆర్, ఎఫ్ఎంబీ వంటి మూల రికార్డులు ఒకే గదిలో ఉండిపోకుండా, అంకెలతో సహా వేర్వేరు కార్యాలయాల్లోనూ సర్వర్లలోనూ ప్రతులుగా ఉంటేనే కాలిన ఫైళ్లలోని హద్దులను తిరిగి రాబట్టడం సాధ్యం.