ముండాల భూమి, ఫాదర్ల పని

1/70 చట్టం మన ఏజెన్సీ పిల్లల్లో చాలామందికి పేరు వరకే తెలుసు. దానికి 60 ఏళ్ళకు పైగా ముందే, 1908లో, ఛోటా నాగపూర్ కౌలు చట్టం వచ్చింది. ఆ ప్రాంతం ఇప్పుడు జార్ఖండ్‌లో ఉంది. ఆదివాసుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆ చట్టం అడ్డుకట్ట వేసింది. దాని వెనుక ముండాల ప్రాణాలున్నాయి. ఇద్దరు జెసూట్ ఫాదర్ల పని కూడా ఉంది. విశ్వాసానికి క్రియలు తోడుండాలని మన సంఘాల్లో ఆదివారం ఆదివారం వింటూనే ఉంటాం. ఆ మాట భూమి విషయంలో ఎలా ఉంటుందో వీళ్ళ దగ్గర చూడవచ్చు.

ముండాల పద్ధతిని ఖుంట్‌కట్టి అంటారు. అడవి కొట్టి మొదట ఊరు కట్టిన వంశం ఏదో, ఊరి భూమి ఆ వంశానిదే. కాగితం ఉండదు. చనిపోయిన పెద్దల ఎముకల మీద పరిచే బండలే సాక్ష్యం. వాటిని ససన్‌దిరి అంటారు. మన కోయ ఊళ్ళలో పెద్దల పేరున నిలిపే రాళ్ళు తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జమీందార్లు, ఠేకేదార్లు, షావుకార్లు వచ్చాక శిస్తు పెరిగింది, వెట్టి పెరిగింది. కోర్టు కాగితం అడిగింది. బండను కోర్టుకు ఎవరు మోసుకెళ్తారు?

1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే బెల్జియం ఫాదర్ అక్కడికి చేరాడు. జనం బాధ విన్నాక ఆయన కౌలు చట్టాలు చదివాడు, రైతులకు కేసుల్లో సాయపడ్డాడు. కొద్ది ఏళ్ళలోనే వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు. క్షయ పట్టి 1892లో వెనక్కి వెళ్ళి, మరుసటి ఏడు 37 ఏళ్ళకే చనిపోయాడు.

ఇది ఎర కాదా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. భూమి దక్కుతుందనే చాలామంది చేరారు, ఆశ తీరక వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ వెట్టిలో నలిగేవాడికి పరలోకం గురించి చెప్పి, వెట్టి గురించి నోరు మెదపకపోవడం అంతకన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం.

బిర్సా ముండా కూడా మిషన్ బడిలో చదివినవాడే. తర్వాత మిషన్‌ను వదిలేశాడు. దొర అధికారి అయినా ఫాదర్ అయినా టోపీ ఒకటే అన్నది అప్పటి ముండాల మాట. 1899 క్రిస్మస్ ముందురోజు ఉల్గులాన్ మొదలైనప్పుడు సర్వదా మిషన్ మీద కూడా బాణాలు పడ్డాయి. 1900 జూన్ 9న బిర్సా రాంచీ జైలులో చనిపోయాడు.

ఆ సర్వదాలో పనిచేసిన జర్మన్ ఫాదర్ పేరు జాన్ హాఫ్‌మన్. బాణాలు పడ్డాయని ఆయన ముండాల మీద కోపం పెట్టుకోలేదు. అప్పటికే ముండారి భాష బాగా నేర్చుకున్నాడు. పెద్దల దగ్గర కూర్చుని వంశాలు, సరిహద్దులు, వారసత్వం, ఖుంట్‌కట్టి పద్ధతి రాసుకున్నాడు. తిరుగుబాటుకు భయపడిన ప్రభుత్వం భూముల సర్వే మొదలుపెట్టాక ఆ రాతలు పనికొచ్చాయి. 1908 చట్టం ముండారి ఖుంట్‌కట్టి హక్కును గుర్తించింది. ప్రభుత్వాన్ని కదిలించింది బిర్సా మనుషులు. హక్కు ఎలా ఉంటుందో చెప్పింది ఊరి పెద్దలు. దొరలకు అర్థమయ్యే భాషలో దాన్ని పెట్టింది హాఫ్‌మన్. ఈ మూడింటిలో చివరిదాన్ని మాత్రమే గొప్పగా చెప్పే మిషన్ చరిత్రలు నాకు నచ్చవు. మన దగ్గర కూడా అంతే కదా. 1940లో కొమరం భీము చనిపోయాకే హైమన్‌డార్ఫ్ గోండుల ఊళ్ళకు వచ్చాడు.

చట్టం వచ్చినా షావుకారు పోడు. విత్తనాల కాలంలో అప్పు కావాలి, అప్పు తీరకపోతే పొలం పోతుంది. హాఫ్‌మన్ 1909లో సహకార పరపతి సంఘం పెట్టించాడు. జనం తమ డబ్బు తామే కొద్దికొద్దిగా కూడబెట్టుకుని, తమలో తామే అప్పు ఇచ్చుకున్నారు. నా లెక్కలో ఇది చట్టమంత పెద్ద పని. మన ఏజెన్సీ సంఘాల్లో చందాలతో స్లాబు చర్చి లేస్తుంది. అదే సంఘంలోని మనిషి భూమి కేసుకు వెళ్ళేటప్పుడు మాత్రం ఒంటరిగా బస్సు ఎక్కుతాడు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ కాబట్టి 1915లో బ్రిటిష్ ప్రభుత్వం హాఫ్‌మన్‌ను దేశం నుంచి పంపేసింది. 1928లో చనిపోయేవరకు ఆయన జర్మనీలో కూర్చుని ముండారి మాటలనే రాస్తూ ఉన్నాడు. ఆర్థర్ వాన్ ఎమెలెన్ అనే మరో ఫాదర్ ఆ పని కొనసాగించాడు. ఎన్‌సైక్లోపీడియా ముండారికా పేరుతో అది 16 సంపుటాలుగా అచ్చయింది.