పదునొకండు దినములు ఏమాయెను?

1752వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేది బుధవారము రాత్రి నిదురించిన ఆంగ్లేయులు మేల్కొనునప్పటికి గురువారమే వచ్చినది గాని, తేది మాత్రము 14 అయి యుండెను. నడిమి పదునొకండు దినములు ఏమాయెనని చరిత్ర పఠించువారు వింతగా ప్రశ్నింతురు. ఆ దినములకై లండను జనులు వీథులకెక్కి అల్లరులు చేసిరను కథయు కొన్ని పుస్తకములలో కలదు.

దినము లెచ్చటికిని పోలేదు, వాని పేళ్లు మాత్రమే మారినవి. జూలియస్ సీజరు ప్రవర్తింపజేసిన పంచాంగము సంవత్సరమునకు 365 దినముల 6 గంటలని లెక్కించెను. సూర్యగతితో పోల్చిన నిది సుమారు 11 నిమిషములు హెచ్చు. ఈ స్వల్పదోషము రమారమి 128 ఏండ్ల కొక దినము చొప్పున పేరుకొని, 16వ శతాబ్ది నాటికి వసంత విషువము మార్చి 21 నుండి 11వ తేదికి జరిగిపోయి, ఈస్టరు పండుగ నిర్ణయము చిక్కువడగా, 13వ గ్రెగరీ పోపు 1582లో అక్టోబరు 4కు మరునాడు 15 అని శాసించెను. స్పెయిను, పోర్చుగలు వెంటనే తలయొగ్గినవి. ఫ్రాన్సు ఆ డిసెంబరులోనే చేరెను. పోపు ఆజ్ఞ గిట్టని ఇంగ్లండు మాత్రము 170 ఏండ్లు పాత లెక్కనే పట్టుకొని యుండగా, పది దినముల యంతరము 1700లో పదునొకండయ్యెను.

ఈ గందరగోళము ఐరోపాలోనే ఆగిపోలేదు. 1746లో ఫ్రెంచి సేనాని లాబూర్డొనే చెన్నపట్టణపు కోటను పట్టుకొన్న దినము ఆంగ్లేయుల లెక్కలో సెప్టెంబరు 10, ఫ్రెంచివారి లెక్కలో 21. ఒకే కోట లొంగుబాటునకు రెండు తేదులుండుట చూచి, నాటి దస్తావేజులు చదువువారు లేఖకుని దూషింపరాదు.

ఇక అల్లరుల మాట. చరిత్రకారులు వెదకిచూడగా వానికి సమకాలిక సాక్ష్య మేమియు లభింపలేదు. ఈ సంస్కరణమున ప్రముఖపాత్ర వహించిన మాకిల్స్‌ఫీల్డు ప్రభువు కుమారుడు 1754 ఎన్నికలలో ఆక్సుఫర్డుషైరున పోటీచేయగా, ప్రతిపక్షులు పంచాంగమును గూడ ఆయుధముగా వాడుకొనిరి. ఆ యెన్నికల వికారములను పరిహసించుచు విలియం హోగార్తు రచించిన చిత్రమున, తమ పదునొకండు దినములను తమకిమ్మను వ్రాతగల పతాక మొకటి నేలపై పడియుండును. ఆ పరిహాసమునే పిదపటివారు ప్రమాణముగా గైకొనిరని నా యభిప్రాయము. బాకీలు, కౌళ్లు మునుపటి గడువు దినములకే చెల్లవలెనని పంచాంగమును మార్చిన ఆంగ్ల చట్టమే యేర్పరచి యుండగా, కలహమునకు కారణమును అంతగా లేదు. నిజమునకు దినములు పోయినవని వగవదలచినచో 1751కై వగవవలెను: సంవత్సరాదిని మార్చి 25 నుండి జనవరి 1కి మార్చుటచే ఆ యేడు 282 దినములకే ముగిసిపోయెను.

మార్చి 25న మొదలగు పాత లెక్కల సంవత్సరము మాత్రము ఈ సవరణవలన ఏప్రిల్ మొదటి వారమునకు జరిగెను. బ్రిటనులో ఆదాయపు పన్ను సంవత్సరము నేటికిని ఏప్రిల్ 6వ తేదిననే ఆరంభమగుచున్నది.