ఉద్దానపు తోట – మెట్టచేను: రైతు జీవిక

పంటలను కాలము ననుసరించి మార్చి వేయవలెనను ఎరుక మన దేశమునకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సీతాధ్యక్షుని గూర్చిన అధ్యాయము తొలివానలకు వరి, నువ్వులు మొదలగువానిని, నడిమికాలమున పెసలు, మినుములను, తుదకు ఉలవలు మొదలగువానిని విత్తవలెనని విధించినది. రాజు కొట్టారు నింపుటకు చెప్పిన ఆ క్రమమునే శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల మెట్టరైతు తన కడుపు నింపుకొనుటకు పాటించెను.

నాగావళి, వంశధారల పల్లపు భూములలో వరి పండును. మెట్టకు వానయే దిక్కు. అందుచే అచ్చటి రైతు చోడిలో కందిని కలిపి వేసెను. చోడి ముందుగా కోతకు వచ్చి అంబలికి ఆధారమగును. లోతుగా వేరూనిన కంది చలికాలము వరకు నిలుచును. వానలు వెనుకబడి చోడి చెడిన యేట ఉలవ చల్లుదురు. ఉలవపొట్టు పశువునకు, పశువు పేడ పొలమునకు. ఊరి లెక్కలలో భూమికి శిస్తు వ్రాసిరి గాని పాకలోని ఆవునకు, గట్టుమీది కందిమొక్కకు, పెరటి కోడికి గడి లేదు. ఇల్లు గడిపినవి పెక్కుమారులు ఆ లెక్కకు రానివే!

అయినను ఈ కలయిక అన్ని ఆపదలను ఆపజాలదు. 1866లో ఒరిస్సా క్షామము గంజాం జిల్లాను కూడ పట్టినది. శ్రీకాకుళము, ఇచ్ఛాపురము అప్పుడా జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు విశాఖపట్నము జిల్లాలో చేరినవి. చోడి, కంది, ఉలవ పేర్లు వేరైనను మూటికిని ప్రాణము వానయే గదా. అది బొత్తిగా తప్పినచో మూడును కూడియే ఎండును.

మెట్టకు రొక్కము తెచ్చిన పంట గోగు. 1947 దేశవిభజనతో జనుము పండు తూర్పు బెంగాలు భూములు పాకిస్తానునకు పోగా గోగునారకు గిరాకి పెరిగెను. ప్లాస్టిక్ సంచులు వచ్చిన పిదప తగ్గెను. చేను చెడకుండగనే ధర చెడుట మరియొక తెగులు.

ఇక తీరమునకు పోయినచో ఉద్దానము. ఉద్యానమే ఉద్దానమైనదని చెప్పుదురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ఇసుకనేలలలో కొబ్బరి, జీడి, పనస, మామిడి కలిసి పెరిగినవి. కొబ్బరి ఏడాది పొడుగునను దింపుడునకు వచ్చును. వేసవిలో జీడి, పనస. పలాసలో జీడిపిక్క నుండి పప్పు తీయు పని వేలకొలది స్త్రీలకు కూలి నిచ్చెను. చూచువారికి ఇంతకు మించిన భద్రత లేదనిపించును.

2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. చెట్ల జాతులు నాలుగైనను వాని శత్రువు ఒక్కటే, గాలి. ఒక్క పూటలో కొబ్బరియు జీడియు పనసయు వ్రేళ్ళతో పడిపోయినవి. 1866లో వాన చేసిన పనినే ఇచ్చట గాలి చేసినది. పంటల సంఖ్య కన్న, ఒకదానిని చెరచు ఆపద రెండవదానిని విడిచిపెట్టునా యనునదే ముఖ్యము. గాలికి కొబ్బరి కూలిన తోటలో ఉలవ చల్లిన అది కొన్ని నెలలలో చేతికి వచ్చును. పాడి మిగిలినచో పూటపూటకు పాలు. దేశవాళి కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అంతవరకు లేతతోట నడుమ నేలకు వెలుతురు పుష్కలము. కూరగాయయు, అపరాలును అచ్చట పండును.

ఇది నేలగల వాని మాట. పడిన చెట్టును లెక్కించి ఇచ్చు పరిహారము చెట్టుగల వానికి చేరును. కాయ దించువానికి, పీచు ఒలుచువానికి, జీడిపిక్కలు కొట్టు స్త్రీకి ఆ పట్టికలోను గడి లేదు.